కీబోర్డు మీద చేయి వేయనివాళ్ళు

మా ఇంట్లో మాట్లాడేది తెలుగు. గోడ మీద క్యాలెండరు, కరెంటు బిల్లు, బస్సు బోర్డు, గుడిలో అర్చన చీటీ అన్నీ తమిళం. రెడ్డియార్‌పాళయంలో మా వీధిలో తెలుగు మాట్లాడే ఇళ్ళు చాలానే ఉన్నాయి. తెలుగు చదవగలిగిన ఇల్లు మాత్రం నాకు తెలిసి మాదొక్కటే. అది మా నాన్న చలవ. చిన్నప్పుడు నా గుండె బలహీనమని డాక్టరు చెప్పడంతో నన్ను బడికి పంపలేదు. మిల్లులో షిఫ్టు దిగి వచ్చాక నాన్న వంటింటి గడప మీద కూర్చుని నాకు పాఠం చెప్పేవాడు. తెలుగు, తమిళం, లెక్కలు, ఇంగ్లీషు వార్తాపత్రికలో పెద్ద అక్షరాల వరకు. నేను తప్పు చదివితే దిద్దేవాడు కాదు. "ఇంకో తూరి గట్టిగా చదువు" అనేవాడు, అంతే. గట్టిగా చదివితే తప్పు నా చెవికే తగిలేది. డాక్టరు భయపెట్టిన గుండె నన్ను ఏ ఇబ్బందీ లేకుండా యాభై దాటించింది. పొద్దున్నే దీపం పెట్టి దేవుడికి, నాన్నకు కలిపి ఒకే దణ్ణం పెట్టుకుంటాను.

ఆ గడప చదువే నాకు పని తెచ్చిపెట్టింది. మా వీధి చివర జెరాక్స్ షాపు ఉంది. దాన్ని నడిపే ఆవిడ నాకంటే రెండేళ్ళు పెద్ద, అందుకని అక్క అంటాను. ఇక్కడి తెలుగువాళ్ళు పెళ్ళి పత్రికలో ఒక పేజీ తెలుగులో ఉండాలంటారు. అది చదివేవాళ్ళు పందిట్లో ఒకరో ఇద్దరో ఉంటారు, అయినా ఉండాల్సిందే. ఆ పేజీలు టైపు చేసి తప్పులు చూసి పెట్టడం నా పని. దానికోసం అక్క తన షాపులో మూలపడిన ల్యాప్‌టాప్ ఒకటి ఇచ్చింది. అందులో లినక్స్ వేసి ఉంది. కంప్యూటరును నడిపించే ఏర్పాట్లలో అదొకటి, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, పాత యంత్రాల మీద కూడా బరువు వేయకుండా నడుస్తుంది. నాకు ఆరోజు తెలిసింది అంతే. "అర్థం కాకపోతే ఆదివారం నాతో రా" అంది అక్క.

అలా వెళ్ళాను ఆ సంఘానికి. సంఘం అంటే పెద్దది కాదు. ఒక ట్యూషన్ సెంటరు మేడమీది గదిలో ఆదివారం మధ్యాహ్నం పదిమంది దాకా లినక్స్ వాడేవాళ్ళు చేరతారు. చెప్పులు మెట్ల దగ్గర విడుస్తారు. ఎవరి కష్టం వాళ్ళు చెప్పుకుంటారు: ప్రింటరు కాగితం మింగి ఊరుకుంటోంది, తమిళ అక్షరాలు పెట్టెలు పెట్టెలుగా కనిపిస్తున్నాయి, వైఫై నిన్నటిదాకా ఉండి ఇవాళ లేదు. తెలిసినవాళ్ళు చెబుతారు. తెలియకపోతే తెలియదంటారు. నన్ను మొదట ఆకట్టుకున్నది ఈ రెండోదే. మగవాళ్ళు పదిమంది ముందు "నాకు తెలీదే" అని నవ్వుతూ చెప్పడం నేను అంతకుముందు పెద్దగా చూడలేదు.

అక్కడొక నియమం ఉంది. సలహా చెప్పేవాళ్ళు ఎదుటివాళ్ళ కీబోర్డు మీద చేయి వేయకూడదు. ఎంత ఆలస్యమైనా సరే, టైపు చేయాల్సింది ఎవరి యంత్రమో వాళ్ళే. ఆత్రం ఆపుకోలేక చేయి వేసినవాళ్ళు ఆరోజు టీ తాగిన గ్లాసులన్నీ కడగాలి. టెలిఫోన్ ఆఫీసులో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు పెట్టిన పద్ధతి అది. అందరూ ఆయన్ను సార్ అంటారు. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి చెబుతారు. ఇంకొక పద్ధతి కూడా ఆయనదే. నల్లటి తెర మీద కంప్యూటరుకు ఇచ్చే ఆజ్ఞ టైపు చేశాక, ఎంటర్ నొక్కేముందు దాన్ని గట్టిగా చదవాలి. మొదటిరోజు నేను అలా చదువుతుంటే మా వంటింటి గడప గుర్తొచ్చింది. బడికి వెళ్ళని పిల్లకు దేవుడు ఇన్నేళ్ళ తర్వాత బడి చూపించాడు అనుకున్నాను.

ఇప్పుడు మా అత్త సంగతి చెప్పాలి. నాన్నకు అక్క. నేనూ ఆవిడా ఒకే ఇంట్లో ఉంటాం. హారతి పాటలు, ఊయల పాటలు, పెళ్ళికూతుర్ని పీట మీద కూర్చోబెట్టేటప్పుడు పాడేవి, పసుపు దంచేటప్పుడు పాడేవి అన్నీ ఆవిడ నోట్లోనే ఉండేవి. ఎక్కడా రాసి లేవు. వాళ్ళ అమ్మ నేర్పింది, ఆవిడ నేర్చుకుంది. ఈ ఏడాది వేసవిలో అత్త గొంతు బొంగురుపోయింది. జలుబనుకున్నాం. డాక్టరు చూసి గడ్డ ఉందన్నాడు. స్వరపేటిక తీసేయాలి, ఆ తర్వాత గొంతుతో మాట రాదు అని మెల్లగా, ఓపిగ్గా, రెండుసార్లు చెప్పాడు. అత్త ఆయన చెప్పేదంతా విని, "ఎన్ని దినాలుండాయి?" అని అడిగింది. ఆపరేషన్‌కు తొమ్మిది రోజులు ఉంది.

ఆ తొమ్మిది రోజులూ పాడింది. అక్క షాపు నుంచి చిన్న మైకు తెచ్చిచ్చింది. సంఘంలో ఒకరోజు చెప్పించుకుని రికార్డింగు నేర్చుకున్నాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక వీధి తలుపు మూసి, ఫ్యాను ఆపి, చెమటలు కారుతుంటే అత్త పాడేది, నేను ల్యాప్‌టాప్ ముందు కదలకుండా కూర్చునేదాన్ని. మధ్యలో గొంతు తెగేది. నీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెట్టేది. మొత్తం ముప్పై ఏడు పాటలు. మాటలు తర్వాత విని రాసుకోవచ్చులే అనుకుని అప్పుడు ఒక్క ముక్కా రాసుకోలేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. ఆ డాక్టరు చేతులకు, రాత్రీ పగలూ అత్త గొంతుకు పెట్టిన గొట్టం శుభ్రం చేసిన నర్సమ్మలకు నేను ఎన్ని దణ్ణాలు పెట్టినా చాలవు. ఇంటికి వచ్చాక అత్త నోటుబుక్కులో రాసి మాట్లాడటం మొదలుపెట్టింది. ఆవిడకు వచ్చింది తమిళ అక్షరాలే కాబట్టి, తమిళ అక్షరాల్లో తెలుగు మాటలు. నేను పాటలు పెట్టబోయినప్పుడల్లా తల అడ్డంగా ఆడించేది. "ఇప్పుడొద్దు" అని రాసేది. నేనూ బలవంతపెట్టలేదు. తన గొంతు తానే వినడానికి మనసు రావాలి కదా.

ఆయుధపూజ వచ్చింది. కత్తిపీట, కత్తెర, కుట్టుమిషను అన్నీ కడిగి తుడిచి దేవుడి గదిలో పెట్టాను. నా ఆయుధం ల్యాప్‌టాప్. దాన్ని మూసి, పుస్తకంలా గోడకు ఆనించి నిలబెట్టాను. పై అంచు పొడవునా వరసగా గంధం బొట్లు పెట్టి కుంకుమ అద్దాను. అందులో అత్త గొంతు ఉందని తలుచుకుని మిగతా వాటికంటే రెండు పిడికిళ్ళు ఎక్కువే అక్షింతలు చల్లాను.

మర్నాడు విజయదశమి. పూజలో పెట్టిన వస్తువులు తీసి మళ్ళీ పని మొదలుపెట్టే రోజు. అత్త కాఫీ గ్లాసు పక్కన పెట్టి, నోటుబుక్కు నా వైపు తిప్పింది. "పాటలు పెట్టు" అని ఉంది.

నా సంతోషం చెప్పలేను. ల్యాప్‌టాప్ తెచ్చి, స్పీకరు వెతికి, వైరు కుదిర్చి, మొదటి పాట పెట్టాను. అత్త గొంతు గదిలోకి వచ్చింది. నాలుగు మాటలు కూడా పూర్తికాలేదు, తెర నల్లబడింది. యంత్రం మొత్తం ఆగిపోయింది. మళ్ళీ ఆన్ చేశాను. కొంతసేపు నడిచి మళ్ళీ ఆగింది. మూడోసారీ అంతే. అత్త చేయి తన గొంతు దగ్గరకు పోయి అక్కడే ఉండిపోయింది.

"ఛార్జింగ్ లేదత్తా. సాయంత్రం పెడతా" అన్నాను.

అత్త వంగి ల్యాప్‌టాప్ పక్కన వెలుగుతున్న ఛార్జింగ్ లైటు చూసింది. నోటుబుక్కు తీసుకుని రాసింది: "లైటు వెలగతా ఉండాది కదే. నాకు గొంతు పోయిందే గానీ కండ్లు పోలేదు."

పెరట్లోకి పోయి అక్కకు ఫోను చేశాను.

"ఏందమ్మే, గొంతు అట్లుండాది? అత్తకేమైనా అయిందా?"

"అత్త బాగానే ఉండాది. ల్యాప్‌టాప్ ఆగిపోతా ఉండాదక్కా."

"ఓసి, అంతే కదా! నన్ను చంపేసినావు."

"అత్త పాటలన్నీ దాంట్లోనే ఉండాయి."

అవతల అక్క ఎవరినో ఆగమంది. తర్వాత, "కాపీ పెట్టుకోమని ఎన్ని తూర్లు చెప్పినా? పెట్టినావా, లేదా?"

"దేవుడి ముందర పెట్టినా అక్కా."

"పెన్‌డ్రైవా?"

"ల్యాప్‌టాపే."

అక్క నవ్వలేదు. దానికి నాకు ఇంకా భయం వేసింది. "దాన్ని మళ్ళీ ఆన్ చెయ్యొద్దు. ఇంకొక్క తూరి కూడా. డిస్కు పోతా ఉంటే ఆన్ చేసినప్పుడంతా ఇంకొంచెం పోతాది. ఆదివారందాకా ముట్టుకోవద్దు. సార్‌కు నేను చెప్తా" అంది.

ఆదివారానికి మూడు రోజులు. ఆ మూడు రోజులు నేను చేసిన ప్రార్థన ఒకటే. స్వామీ, నా మూలంగా పోనివ్వకు. అత్త ఏమీ అడగలేదు. నేను దేవుడి గదిలో ఎక్కువసేపు ఉంటే గుమ్మం దగ్గరకు వచ్చి చూసి వెళ్ళేది, అంతే.

ఆదివారం ల్యాప్‌టాప్‌ను మెత్తటి తువ్వాల్లో చుట్టి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని మెట్లెక్కాను. అక్క ముందే వచ్చి ఉంది. సార్ కొత్త ఖాళీ డిస్కు ఒకటి, పెన్‌డ్రైవ్ ఒకటి తెచ్చారు. నేను పక్కన ఉండగానే అందరికీ జరిగింది వివరంగా చెప్పారు. రికార్డింగులు ఒకే చోట ఉన్నాయి, పాడిన ఆవిడ ఇంక పాడలేరు, యంత్రం నడుస్తూ నడుస్తూ ఆగిపోతోంది. ఎవరూ నన్ను తప్పుపట్టలేదు. వెనక నుంచి ఎవరో కుర్చీ నా దగ్గరకు జరిపారు.

"చూడమ్మా," అన్నారు సార్, "ఈ పెన్‌డ్రైవ్ నుంచి కంప్యూటరు మొదలుపెడతావు. అప్పుడు లోపలి డిస్కు మీద భారం పడదు. నొప్పి ఉండే కాలు ఆనించకుండా కర్ర పట్టుకుని నడిచినట్టు. తర్వాత లోపలి డిస్కును ఉన్నది ఉన్నట్టుగా ఈ కొత్త డిస్కులోకి నకలు తీస్తావు. డిస్కు సంగతి తర్వాత చూద్దాం. ముందు పాటలు బయటికి రావాల."

"నేనే చెయ్యాలా సార్? ఈ ఒక్క రోజుకు మీరే..."

"నువ్వే."

"భయంగా ఉండాది సార్."

"ఉండనీ. నిదానంగా చెయ్యి. ఎవరికీ బస్సు టైం కాలేదు."

పెన్‌డ్రైవ్ నుంచి మొదలుపెట్టాను. రెండు డిస్కుల పేర్లు తెర మీదికి వచ్చాయి. ఒకటి పాటలున్నది, ఒకటి ఖాళీది. కాగితం మీద రాసుకున్నాను, ఏది ఏదో. నకలు తీసే ఆజ్ఞ సార్ ముందే ఒకసారి చెప్పారు. ఆజ్ఞ పేరు టైపు చేశాను, దాని తర్వాత రెండు డిస్కుల పేర్లూ ఒకదాని తర్వాత ఒకటి టైపు చేశాను. నా పక్కన కూర్చున్న అక్క చేయి గభాల్న ముందుకు వచ్చింది. వచ్చింది గానీ నన్ను తాకలేదు. రెండు చేతులూ తొడల కిందకి తోసేసుకుని వాటి మీద కూర్చుంది. నాకేం అర్థం కాలేదు.

"గట్టిగా చదువమ్మా" అన్నారు సార్. ఆయన గొంతులో ఏ తేడా లేదు.

చదివాను.

"ఇప్పుడు తెలుగులో చెప్పు. దేంట్లో నుంచి దేంట్లోకి?"

"మొదటిది..." అని ఆగిపోయాను. మొదట రాయాల్సింది పాటలున్న డిస్కు, తర్వాత ఖాళీది. నేను రాసింది ఖాళీది ముందు, పాటలున్నది తర్వాత. ఎంటర్ నొక్కి ఉంటే ఖాళీని తెచ్చి అత్త పాటల మీద పరిచేదాన్ని. ఒక్క పాట మిగిలేది కాదు. వేలు ఎంటర్ పక్కనే ఉంది. తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

"అయ్యో స్వామీ" అన్నాను.

అక్క తొడల కింది నుంచి చేతులు బయటికి తీసుకుంది. "గ్లాసులు కడిగేదానికైనా సరే అనుకున్నా. ఇంకొక్క క్షణం చూసి ఉంటే నీ చెయ్యి పట్టుకుని ఉంటా" అంది.

"ఎందుకట్లా రాసినావమ్మా?" అని అడిగారు సార్. నిజంగా తెలుసుకోవాలని అడిగారు. ఆ తేడా నాకు తెలుస్తుంది.

ఆలోచించి చెప్పాను. "నైవేద్యం పెట్టేటప్పుడు ఎవరికి పెడతామో ఆ పేరు ముందు చెప్తాం కదా సార్. తర్వాత కదా ఏం పెడతామో చెప్పేది. పాటలు పుచ్చుకునేది కొత్త డిస్కు కదా అని దాన్ని ముందు రాసినా."

ఆయన పొట్ట ఊగేట్టు నవ్వారు. "ముప్పై ఏండ్లు ఆఫీసులో ఉన్నా. ఈ కారణం ఎవరూ చెప్పలేదు. ఇంకమీద కొత్తవాళ్ళకి చెప్పేటప్పుడు ఇది కూడా చెప్తా."

చెరిపి, సరిగ్గా రాసి, గట్టిగా చదివి, నాన్నను తలుచుకుని నొక్కాను. అంకెలు కదలడం మొదలైంది. ఇంతవరకు వచ్చింది, ఇంత మిగిలింది అని తెర చెబుతూ ఉంది. మనసులో నామం చెప్పుకుంటూ కూర్చున్నాను. పది నిమిషాలైందో లేదో, తెర నల్లబడింది.

"పర్వాలేదు," అన్నారు సార్. "యాడ ఆగిందో ఆ ఆజ్ఞే పెన్‌డ్రైవ్‌లో రాసి పెట్టుకుని ఉంటాది. మళ్ళీ ఆడి నుంచే పోతాది."

మళ్ళీ మొదలుపెట్టాను. ఆగిన చోటు నుంచి సాగింది. మళ్ళీ పది నిమిషాలకు ఆగింది. మూడోసారి ఇంకా ముందే ఆగింది. సార్ ముఖంలో మొదటిసారి చింత కనిపించింది. ఇలా ఎన్నిసార్లు, మధ్యలో పూర్తిగా పోతే అని ఎవరో గుసగుసలాడారు.

అప్పటిదాకా కిటికీ దగ్గర కూర్చుని ఉన్న బాహూరు అన్న లేచి వచ్చాడు. ఆయన బాహూరు ఊళ్ళో వరి పండించే రైతు. చెరువు కింద ఏ మడికి ఏ రోజు నీళ్ళు వదలాలో ఆ వరసల పట్టిక ఇంట్లో పాత కంప్యూటరులో పెట్టుకుంటాడు. సంఘంలో ఎక్కువ మాట్లాడడు. వచ్చి, ల్యాప్‌టాప్ వెనక అరచేతి వెనకవైపు పెట్టి చూశాడు. కీబోర్డు మీద కాదు కాబట్టి ఎవరూ అడ్డు చెప్పలేదు.

"గాలే రాలేదే" అన్నాడు.

"ఏంది?"

"గాలి సార్. లోపల ఫ్యాను తిరిగితే ఈ సందులో నుంచి వేడి గాలి కొట్టాల. రాలేదు. ఒళ్ళు మాత్రం కాలిపోతా ఉండాది. మా మోటారు కూడా ఇంతే. వేడెక్కితే తనంతట తానే ట్రిప్ అవతాది, చల్లారితే మళ్ళీ నడస్తాది. డిస్కుదేం తప్పు లేదేమో." వంగి ఆ సందుల్లోకి చూశాడు. వేలితో అంచు గీకి, వేలు నాకు చూపించాడు. ఎండిన గంధం. "చెల్లెమ్మా, దీనికి ఆయుధపూజ చేసినావా?"

"చేసినా."

"ఎట్లా పెట్టినావు?"

"నిలబెట్టి. ఈ అంచు పైకి."

"అక్షింతలు?"

తల ఊపాను.

అక్క స్క్రూడ్రైవరు తెచ్చింది. స్క్రూలు మాత్రం నా చేతే విప్పించారు. వెనక పలక ఎత్తి చూస్తే, సందులన్నీ గంధంతో పూడిపోయి ఉన్నాయి. చిన్న ఫ్యాను రెక్కలకూ దాని గోడకూ మధ్య పసుపు రాసిన బియ్యపు గింజ ఒకటి అడ్డంగా ఇరుక్కుని ఉంది. ఇంకో నాలుగు పక్కన పడి ఉన్నాయి. తలుచుకున్నకొద్దీ ఎక్కువ చల్లాను కదా.

గదంతా నవ్వు. నేనూ నవ్వాను, కళ్ళలో నీళ్ళతో.

"దీవించింది సరేనమ్మా," అన్నారు సార్ కళ్ళు తుడుచుకుంటూ, "ఇంకమీద పాటలు దేవుడి ముందర ఒకటి పెట్టు, బీరువాలో ఒకటి పెట్టు, మీ అక్క షాపులో ఒకటి పెట్టు. దేవుడేం కోపగించుకోడు."

ఆ గింజను పట్టకారుతో తీశాను. గంధం గీకి, పొడి కుంచెతో దులిపాను. మళ్ళీ మూత పెట్టి ఆన్ చేస్తే సన్నగా ఫ్యాను శబ్దం. బాహూరు అన్న మళ్ళీ చేయి పెట్టి, నా చేయి కూడా పెట్టమన్నాడు. వెచ్చటి గాలి నా వేళ్ళకు తగిలింది. కర్పూర హారతి కళ్ళకు అద్దుకున్నట్టు ఆ చేతిని కళ్ళకు అద్దుకున్నాను. ఎవరు ఏమనుకున్నా సరే అనిపించింది.

ఆ తర్వాత నకలు ఒక్కసారి కూడా ఆగలేదు. సాయంత్రం అయిదింటికి పూర్తయింది. ముప్పై ఏడు పాటలూ లెక్కపెట్టి చూశాం. గ్లాసులు ఆరోజు నేనే కడిగాను. చేయి వేసినవాళ్ళెవరూ లేరు, నాకే కడగాలనిపించింది.

సంఘంలో సాయం పొందినవాళ్ళు జరిగింది జరిగినట్టు రాసి అందరికీ ఈమెయిలు పంపాలి. తర్వాత ఎవరికైనా అదే కష్టం వస్తే పనికొస్తుందని. నేను సిగ్గుపడకుండా గంధం, అక్షింతలు, తలకిందులుగా రాసిన పేర్లు అన్నీ రాశాను. మర్నాడే అరియాంకుప్పం నుంచి ఒకాయన జవాబు రాశాడు. తన ప్రింటరుకు కూడా కుంకుమ పెట్టాననీ, నా ఉత్తరం చదివి పరుగెత్తుకెళ్ళి చూశాననీ, కాగితం లాగే రబ్బరు ఎర్రగా ఉందనీ. ఇంకొకరు, వచ్చే ఏడాది నుంచి యంత్రం మీద తువ్వాలు కప్పి తువ్వాలుకు బొట్టు పెట్టమని సలహా ఇచ్చారు. ఆ సలహా బాగుంది. అలాగే చేస్తాను.

ఆ ఆదివారం సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి అత్త వీధి గుమ్మంలో నిలబడి ఉంది. నా ముఖం చూసింది. లోపలికి పోయి స్పీకరు తానే తెచ్చి బల్ల మీద పెట్టింది.

జరిగిందంతా చెప్పేశాను. దాచినందుకు క్షమించమన్నాను. అత్త నోటుబుక్కు అందుకుని, "తెలుసు. పెట్టు" అని రాసింది.

హారతి పాట పెట్టాను. అత్త కళ్ళు మూసుకుంది. మూసిన వీధి తలుపు, ఆగిన ఫ్యాను, నీళ్ళ చెంబు పెట్టిన చప్పుడు, ఆ వేసవి మధ్యాహ్నం అంతా గదిలోకి వచ్చింది. గొంతు అక్కడక్కడా గీసుకుపోతున్నా పాట నిలబడింది. ఏడుస్తుందేమోనని నేను మంచినీళ్ళు దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. పాట అయిపోయింది. అత్త కళ్ళు తెరిచి, బల్ల మీద ఠపీమని కొట్టింది.

"అయిదో చరణం యాడే?" అని రాసింది.

"నువ్వు నాలుగే పాడినావత్తా."

"అబద్ధం."

మళ్ళీ పెట్టాను. ఈసారి వేళ్ళు మడుస్తూ విన్నది. నాలుగు వేళ్ళు మడిచింది, బొటనవేలు నిలబడిపోయింది. కాసేపు ఆ వేలినే చూసుకుంది. తర్వాత భుజాలు ఊగుతూ శబ్దం లేకుండా నవ్వింది. "మతిమరుపు ముండని. ఆపరేషన్ భయం" అని రాసింది. ఎన్ని నెలల తర్వాత నవ్విందో.

పాట విని ఉండకపోతే చరణం తప్పిపోయిందని ఆవిడకూ తెలియదు, నాకూ తెలియదు. నాలుగు చరణాల పాటగానే మిగిలిపోయేది. ఆ మేడమీది గది, ఆ మనుషులు నాకు తిరిగి ఇచ్చిన దాంట్లో ఇది కూడా ఉంది.

అత్త పేజీ తిప్పి, తమిళ అక్షరాల్లో, నిదానంగా అయిదో చరణం రాసిచ్చింది. మొదటి నాలుగింట్లో ఇంటి ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి స్వామికి హారతి ఇస్తారు. ఇది రాలేకపోయిన దాని కోసం.

పొయ్యి కాడ ఉన్నదానికి పొద్దు లేదు స్వామీ
లోనికి నువ్వే రావయ్యా, నిలిచి అందుకో హారతి

నేను చదివి అత్త వైపు చూశాను. ఇన్నేళ్ళు ఈ ఇంట్లో పొయ్యి దగ్గర ఎవరున్నారో నాకు తెలుసు. అత్త నన్ను అలా చూడనివ్వలేదు. నోటుబుక్కు మీద గట్టిగా తట్టి రాసింది: "ఏడిస్తే రాగం రాదు. పాడు. మైకు పెట్టు."

"నా గొంతా అత్తా?"

"ఇంకెవరిదే? నాదా?"

మైకు పెట్టాను. పాడాను. అత్త తొడ మీద తాళం వేస్తోంది. రెండో మాటకే తాళం ఆగింది. తప్పన్నమాట. మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ ఆగింది. "మిల్లు సైరన్ మేలు" అని ఒకసారి, "స్వామి లోనికి రాడు, పారిపోతాడు" అని ఒకసారి రాసి చూపించింది. పాడి చూపించే వీల్లేక తల ఎత్తి, చేత్తో గాలిలో గీత గీసి, పాట ఎక్కడ పైకి పోవాలో, ఎక్కడ దిగాలో చూపింది. నేను ఆ చేతిని చూస్తూ పాడాను. పదకొండోసారి మొదటి మాట నుంచి చివరి మాట దాకా తొడ మీద ఆ చప్పుడు ఎక్కడా ఆగలేదు.